సెమీఫైనల్‌కు ముందు ఎల్లారెడ్డి

తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న, ఎల్లారెడ్డి ఎలా ఉందని. వరి బాగా పండిందా, నీళ్లు ఎలా ఉన్నాయి, అక్కడి మనుషులు మంచివాళ్లేనా అని. మంచివాళ్లే బాబూ! ఆ మంచితనంతోనే నా ప్రాణం తోడేశారు. వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా ఒక్కరూ నాకు ఎదురు చెప్పలేదు, ఒక్కరూ నా మాట వినలేదు. రొట్టె పెట్టారు, చాయ్ పోశారు, మంచం వాల్చారు. నేను ఏ పని మీద వెళ్లానో ఆ ఒక్కటి తప్ప అన్నీ చేశారు.

పని చిన్నదే. మా గోల్‌కీపర్‌ను వెంటబెట్టుకు రావడం.

మా ఫ్యాక్టరీకి ఫుట్‌బాల్ జట్టు ఉంది, దాని మేనేజరును నేను. దేశమంతటి జట్లూ వచ్చి ఆడే నాకౌట్ కప్పులో మేము ఏటా పేరు ఇవ్వడం, మొదటి మ్యాచ్‌లోనో రెండో మ్యాచ్‌లోనో ఓడి మూటాముల్లె సర్దుకోవడం మామూలే. నాకౌట్ అంటే అంతే కదా, ఒక్కసారి ఓడితే ఇంటికే. ఈసారి ఏం గాలి వీచిందో, ఒక్కో జట్టునూ దాటుకుంటూ సెమీఫైనల్ దాకా వచ్చాం. క్వార్టర్ ఫైనల్ టైబ్రేకర్‌కు వెళితే జహంగీర్ రెండు బంతులు పట్టాడు. ఆ సాయంత్రమే జనరల్ మేనేజరు గారు ఉబ్బితబ్బిబ్బయి, "జట్టు ఫైనల్‌కు వెళితే ఈ కుర్రాణ్ణి పర్మనెంటు చేస్తాను" అని అందరి ముందూ అనేశారు. జహంగీర్ మూడేళ్లుగా మా దగ్గర టెంపరరీ. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు తుడుచుకుంటూనే నా దగ్గరికొచ్చి సెలవు అడిగాడు.

"పీరీల పండుగ సార్. మంగళవారం సాయంత్రం పీరిని సాగనంపి రాత్రికే బయల్దేరుత. బుధవారం పొద్దుగాల గ్రౌండ్ల ఉంట."

బుధవారం నాలుగు గంటలకు సెమీఫైనల్. మా రెండో గోల్‌కీపర్ వేలు విరిగి కట్టుతో తిరుగుతున్నాడు. ఎట్లా ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఆదివారం నాటికి జనరల్ మేనేజరు గారికీ నిద్ర పట్టలేదు, నాకూ పట్టలేదు. "పోయి పట్టుకురా. వాడు లేకుండా నీ ముఖం చూపించకు" అన్నారాయన. మా ఆవిడ పులిహోర పొట్లం కట్టిచ్చింది. సోమవారం పొద్దున్నే సికింద్రాబాదులో మీటర్‌గేజీ రైలెక్కాను.

కామారెడ్డి

ఆ రైలు సంగతి చెప్పి మిమ్మల్ని విసిగించను, నేను విసిగింది చాలు. కామారెడ్డిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. స్టేషను బయటికి రాగానే బెల్లం వాసన. వానాకాలంలో నిల్వ ఉన్న బెల్లం చెమర్చి, గోనె సంచుల్లోంచి కారి, రోడ్డంతా జిగురు. నా కుడి చెప్పు అక్కడే అంటుకుని ఉంగటం తెగింది. చెప్పులు కుట్టే ఆయన నింపాదిగా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏ ఊరు సారు మనది?" అన్నాడు. తెనాలి అన్నాను. "అబ్బో, గంత దూరంకెల్లి గీ చెప్పుతోని వచ్చిన్రా?" అన్నాడు.

హోటల్లో అర్ధరూపాయికి చాయ్ ఇచ్చారు. మా వైపు కాఫీకి పెట్టే మర్యాదంతా ఇక్కడ చాయ్‌కి పెడతారు. సాసర్లో పోసుకుని, ఊదుకుని, లోకం ఆగిపోయినట్టు తాగుతారు. ఎల్లారెడ్డి బస్సు ఎప్పుడని నలుగురిని అడిగాను. నలుగురూ "వస్తది" అన్నారు. ఎప్పుడొస్తుందయ్యా అంటే, "వచ్చినప్పుడు ఎక్కుదురు గని, కూసోండ్రి" అని బల్ల జరిపారు. నాకు అక్కడే ఒళ్లు మండింది. ఆ మంట మళ్లీ సికింద్రాబాదు చేరేదాకా చల్లారలేదు.

లింగంపేట దాటేలోగా

బస్సు వచ్చింది. ఎక్కాం. లింగంపేట ఇంకా రాలేదు, రోడ్డుకు అడ్డంగా డప్పులు. నెమలి ఈకల కుంచెలు, ఊదు పొగ, నడిమధ్య రంగురంగుల బట్టలు చుట్టిన ఎత్తైన పీరు, దాన్ని మోస్తూ ఊగిపోతున్న మనిషి. మా వైపూ పీర్ల పండుగ ఉంది. చిన్నప్పుడు వీధిలోకి వస్తే మా అమ్మ గుమ్మంలో నిలబడి పైసలిచ్చి దండం పెట్టేది, అంతవరకే ఎరుగుదును. ఇక్కడ అలా కాదు. డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు. కండక్టరు సంచీ నా ఒళ్లో పడేసి, "జర చూస్తుండు సారూ" అని తనూ దిగాడు. ఇద్దరూ చెప్పులు విడిచి, పీరుకు రంగుబట్ట కట్టి, కళ్లకద్దుకుని, షర్బత్ తాగి వచ్చారు. నాకూ ఒక గ్లాసు తెచ్చారు.

"మీరిద్దరూ హిందువులే కదయ్యా?" అన్నాను.

"అయితే ఏందన్నట్టు?" అన్నాడు కండక్టరు, నిజంగానే అర్థం కాక.

నేను గ్లాసు ఎత్తి తాగేశాను. షర్బత్ మాత్రం బాగుంది. సోంపు వేస్తారు దాంట్లో.

ఎల్లారెడ్డి, సోమవారం సాయంత్రం

జహంగీర్ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. బస్సు దిగి పేరు చెప్పగానే ఒక బట్టతలాయన నా సంచీ లాక్కుని ముందు నడిచాడు. పేరు మల్లయ్య, జహంగీర్ వాళ్ల పక్కింటాయన. దారిలో కనిపించిన వాళ్లందరికీ "మన జహంగీర్ వాళ్ల సారు, హైదరాబాదు నుంచి పండుగకొచ్చిండు" అని చెబుతూ పోయాడు. పండుగకు కాదయ్యా అంటే వినడే!

ఇంటి ముందు పరదా కింద జహంగీర్ వాళ్ల నాయనమ్మ కూర్చుని ఉంది. ఊరంతా ఆమెను దాదీ అంటుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మాట్లాడినంతసేపూ బీడీలు చుడుతూనే ఉంది. చేతుల వంక ఒక్కసారైనా చూసుకోలేదు.

"నువ్వేనా మా పోరన్ని చీకట్ల లేపి బురదల దొర్లిచ్చేది?" అంది నన్ను చూడగానే.

గోల్‌కీపర్ అంటే దొర్లాలి దాదీ అన్నాను. "గట్లనా! కూసో బిడ్డా, ఆకలైతుండొచ్చు" అని రొట్టెలు పెట్టించింది. జొన్నరొట్టె, పక్కన పుల్లటి కూర. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే ప్రాణం లేచొచ్చింది. "ఆహా, మా గోంగూర!" అన్నాను. "మీ గోంగూర ఏంది, మా పుంటికూర" అంది దాదీ. ఆ ఒక్క వాదనలో మాత్రం ఇద్దరం గెలవలేదు.

జహంగీర్ అప్పుడొచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు, గడ్డం మాసింది, గొంతు బొంగురుపోయింది. నన్ను చూసి నవ్వాడు, ఆ వెంటనే ముఖం వాడిపోయింది.

"కార్డు ఏసిన సార్. అందలేదా?"

"ఏం కార్డు?"

"నెలవంక ఒకనాడు ఆలిశంగ కనవడ్డది సార్. పండుగ మంగళవారం గాదు. బుధవారం."

నేను వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టాను. వీడు సెలవు అడిగింది నెలవంక కనబడక ముందు. గోడమీద కేలండరులో మంగళవారం ఎర్రటి అంకె ఉంది. నాకూ, మా ఆఫీసుకూ, కప్పు నడిపించే పెద్దలకూ అదే పండుగ. ఎల్లారెడ్డికి మాత్రం ఆకాశమే కేలండరు. వాళ్ల లెక్కన పదో దినం బుధవారం. పీర్లను సాగనంపేది బుధవారం సాయంత్రం. సరిగ్గా మా సెమీఫైనల్ వేళకు!

"సరే, ఇంకెవరికైనా అప్పగించు. రేపు పొద్దున్నే బయల్దేరదాం" అన్నాను.

జహంగీర్ దాదీ వైపు తిరిగాడు. దాదీ చేతులు మాత్రం ఆగలేదు.

"నిలబెట్టిన చెయ్యే సాగనంపాలె బిడ్డా" అంది. "పీరి ఎత్తినోడు గీ దినాలు చెప్పులెయ్యడు, మంచం మీద పండడు, ఊరి పొలిమేర దాటడు. దాటితే పీరి దారిల నిలవడ్డట్టే."

"మ్యాచ్ పోతుంది దాదీ! వాడి పర్మనెంటు పోతుంది!"

"గా మ్యాచ్ దాంక తెచ్చింది ఎవలు?" అన్నాడు మల్లయ్య మధ్యలో దూరి. "మొన్న టైబ్రేకర్ల రెండు బాళ్లు పట్టింది మా పీరే గద సారూ."

ఆరునెలలు తెల్లవారుజామున లేచి, ఒక్కో బంతీ నా చేత్తో విసిరి విసిరి భుజం జారిపోయింది నాకు. పట్టిందేమో పీరట! నేను మంచినీళ్లు అడిగాను.

మంగళవారం

ఫోను చేసి విషయం చెబితే, పైవాళ్ల కాళ్లో వేళ్లో పట్టుకుని మ్యాచ్‌ను ఒక రోజు జరుపుతారేమోనని ఆశ. ట్రంకుకాల్ చేద్దామని పోస్టాఫీసుకు పోయాను. తాళం. పోస్టుమాస్టరు ఇంటి ముందు అరుగుమీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"ఇవ్వాళ సెలవు కదా సార్, పీరీల పండుగ" అన్నాడు.

"పండుగ రేపట కదయ్యా!"

"ఊరికి రేపు. మాకు ఇవ్వాళ. సెలవు మారినట్టు పైనుంచి కాగితం రాలే."

"మరి రేపు తీస్తారా?"

"రేపెట్ల తీస్త సార్, రేపు పండుగ గద!"

నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా చాయ్ తాగి పొమ్మన్నాడు. పేపరు చూద్దామంటే మధ్యాహ్నం బస్సులో రావలసిన కట్ట రాలేదు. హోటల్లో రేడియో ఉంది. ప్రాంతీయ వార్తలు మొదలయ్యే వేళకు సరిగ్గా హోటలు ముందుకు డప్పులు వచ్చి నిలబడ్డాయి. వార్తలు చదివే ఆమె పెదవులు కదిపి ఉంటుంది, నాకేమీ వినబడలేదు.

పీర్లను నిలిపిన ఇంటికి వెళ్లి, అక్కడ పీర్ల సేవ చూసే పెద్ద ముజావర్ గారిని పట్టుకున్నాను. తెల్లగడ్డం, నిదానపు మనిషి. నా గోడంతా విన్నాడు. తలాడించాడు. మల్లయ్య ఎత్తుకోకూడదా అంటే, మల్లయ్యకు వేరే పీరు ఉంది, వాళ్ల తాత నాటి నుంచీ అదే ఇల్లు మోస్తోంది అన్నాడు. మరొకరు? మరొకరికీ ఇల్లు ఉంటుంది, ఇంటికో పీరు ఉంటుంది అన్నాడు. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి సారూ" అని నా వీపు నిమిరి, మలీద ముద్ద చేతిలో పెట్టాడు. గోధుమ రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేస్తారు. ఏడుపు వస్తున్నప్పుడు కూడా తినబుద్ధయ్యే పదార్థం అది.

సాయంత్రం అలావ దగ్గర మరో భయం పట్టుకుంది. పీర్ల ఇంటి ముందు గుండం తవ్వి దుంగలు కాలుస్తారు, దాన్ని అలావ అంటారు. పీరు ఎత్తినవాళ్లు ఆ నిప్పుల మీదుగా నడుస్తారని మల్లయ్య గర్వంగా చెప్పాడు. "వాడి కాళ్లు! వాడి కాళ్లు కావాలయ్యా నాకు!" అని అరుస్తూ పరుగెత్తాను. జహంగీర్ అప్పటికే నడిచి అవతలికి వెళ్లాడు, వాడికేం కాలేదు. నా చెప్పు మాత్రం, నిన్న కామారెడ్డిలో కుట్టించిందే, ఎగిరిపడిన నిప్పుకు మడమ దగ్గర కాలింది. జనం నన్ను పట్టుకుని వెనక్కు లాగి, నాకు పూనకం వచ్చిందనుకుని మొహాన నీళ్లు చల్లారు.

ఆ సాయంత్రం జహంగీర్‌ను పక్కకు పిలిచి చివరిసారి అడిగాను. నా గొంతు పెద్దదైపోయింది. "మూడేళ్లు ఎదురుచూశావురా! ఆ ఒక్క కాగితం కోసం! ఒక్క సాయంత్రం కోసం దాన్ని పారేస్తావా? రేపు నీ బదులు ఇంకొకణ్ణి పెట్టుకుంటారు, మళ్లీ నిన్ను పిలవరు, తెలుసా?"

"ఎరుకే సార్." వాడు చేతులు రెండూ కట్టుకుని నిలబడ్డాడు. "నాకు గుండె లేదనుకున్నరా? మూడొద్దుల సంది అదే కండ్లల్ల మెదుల్తుంది. మా అబ్బాజాన్ మస్కట్ పొయ్యేటప్పుడు పీరిని నా చేతుల వెట్టి పోయిండు. గా ఎడారిల ఉండి గూడ గీ దినాలు ఆయన మంచం మీద పండడు సార్, కిందనే పండుతడు. ఇడిసిపెట్టి వచ్చిన అని ఆయనకెట్ల చెప్పాలె? నౌకరి పోతే మల్ల దేవులాడుకుంట. గిది పోతే ఏడ దేవులాడాలె?"

నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ ఆ తర్వాత వాణ్ణి అడగలేకపోయాను.

బుధవారం

బుధవారం పొద్దుట లేచేసరికి నాలో ఒక రకమైన ప్రశాంతత. అంతా పోయాక వచ్చే ప్రశాంతత. జనరల్ మేనేజరు గారికి ఏం చెప్పాలో మనసులో నాలుగు విధాలుగా చెప్పుకున్నాను, నాలుగూ బాగాలేవు. బస్సులు అసలు రాలేదు. పొరుగూళ్ల నుంచి, బీర్కూర్ వైపు నుంచి కూడా, జనం బండ్ల మీద, సైకిళ్ల మీద, నడిచీ వచ్చారు. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు పూలూ, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలూ పళ్లేల్లో పెట్టుకుని నిలబడ్డారు.

మధ్యాహ్నం దాటాక పీర్లు లేచాయి. జహంగీర్ పీరు ఎత్తుకుని గుమ్మంలోంచి బయటికొచ్చేసరికి నిజం చెప్పాలంటే వాణ్ణి నేను గుర్తుపట్టలేదు. గోల్‌పోస్టుల మధ్య ఎప్పుడూ గోళ్లు కొరుక్కునే మనిషి, ఇక్కడ కళ్లు అరమూసి, అంత ఎత్తున్న పీరును రొమ్ముకు ఆనించుకుని, డప్పు ఎటు పిలిస్తే అటు అడుగు వేస్తున్నాడు. ఆడవాళ్లు బిందెలతో వాడి కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. నేను వాచీ చూసుకున్నాను. నాలుగు. సికింద్రాబాదులో విజిల్ ఊది ఉంటారు.

"బిడ్డా, ఇగ ఇటు రా." దాదీ నన్ను జనంలోంచి లాగింది. ఆమె చేతిలో ఆకుపచ్చటి బట్టముక్క ఉంది. పీరుకు కట్టే దాన్ని దట్టీ అంటారు. "ఏదన్న కోరుకొని కట్టు. తీరితే వచ్చే ఏడు వచ్చి నీ చేతులతోని కొత్త దట్టీ కట్టి మలీద పంచాలె."

"ఇప్పుడింక ఏం కోరుకోమంటావు దాదీ?" నాకు అప్పటిదాకా ఆపుకున్నదంతా నోట్లోకి వచ్చేసింది. "అక్కడ ఆట మొదలైపోయింది. వీడు ఇక్కడున్నాడు. అయినా అడగమంటావా? సరే అడుగుతున్నాను. వీడు ఈ సెమీఫైనల్ ఆడాలి, మేం గెలవాలి. ఇదే నా కోరిక, తీర్చమను చూద్దాం!"

వెటకారమే అది. పక్కవాళ్లు నా వంక చూశారు. దాదీ మాత్రం, బీడీకి దారం చుట్టినంత మామూలుగా, "మంచిది, కట్టు" అంది. కట్టాను. ముడి సరిగ్గా పడక రెండోసారి కట్టాల్సి వచ్చింది.

పొద్దువాలే వేళకు వాగు దగ్గర పీర్లకు స్నానం చేయించి, బట్టలన్నీ విప్పి మూటకట్టారు. అంతదాకా అరిచిన జనం అంతా మెల్లగా గొంతులు తగ్గించారు. కొందరు ఆడవాళ్లు ఏడ్చారు. జహంగీర్ ఒట్టి చేతులతో నిలబడ్డాడు. నా దగ్గరికొచ్చి, "పోదాం సార్" అన్నాడు. ఎక్కడికి పోతాం, ఏం చేసుకోవడానికి పోతాం అనుకుంటూ వాడి వెంట నడిచాను.

మళ్లీ కామారెడ్డి

గురువారం తెల్లారగట్ల బస్సుకు దాదీ మలీద మూట ఇచ్చి పంపింది, జట్టుకట. జట్టు నన్ను బతకనిస్తే కదా అనుకున్నాను. కామారెడ్డిలో దిగేసరికి సికింద్రాబాదు ప్యాసింజరు స్టేషన్లో సిద్ధంగా ఉంది. జహంగీర్ కళ్లు మూతలు పడుతున్నాయి. "ఇంక తొందరేముందిరా, కడుపునిండా తిని తర్వాతి బండికి పోదాం" అని హోటల్లోకి లాక్కుపోయాను. రైలు కూత వేసి వెళ్లిపోతుంటే ఇద్దరం బల్లమీద కూర్చుని పూరీలు తింటూ చూశాం. అంత నిశ్చింతగా నేను రైలు వదులుకోవడం జీవితంలో అదే మొదలు.

చేతులు కడుక్కుని వచ్చి, పక్కబల్ల ఆయన వదిలేసిన ఆ రోజు పేపరు తిప్పాను. వెనక పేజీలో, కింద, వేలెడంత వార్త. నగరంలో మొహర్రం ఊరేగింపు బందోబస్తు కారణంగా బుధవారం జరగవలసిన సెమీఫైనల్‌కు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. మ్యాచ్ గురువారం సాయంత్రం నాలుగు గంటలకు.

గురువారం. ఇవాళ. నాలుగు గంటలకు!

"జహంగీర్!" అని అరిచిన అరుపుకు వంటాయన చేతిలోంచి గరిటె జారింది. ఇంతమంది పెద్దలు, ఇన్ని ఆఫీసులు, చంద్రుడు కనబడి పదిరోజులైనా, ఊరేగింపు ఏ రోజో ఆఖరి నిమిషందాకా ఎవరికీ పట్టలేదు! ఇటు నేనేమో ఎదురుగా ఉన్న రైలును చేజేతులా పంపేశాను. తర్వాతి బండి ఎప్పుడంటే స్టేషన్లో ఏమన్నారో చెప్పాలా? "వస్తది" అన్నారు.

బెల్లం లారీ

మార్కెట్లో హైదరాబాదుకు పోయే లారీ నిండుతోంది. డ్రైవరును బతిమాలాను. ముందు సీట్లో ఆయన బామ్మర్ది కుటుంబం ఉందట. వెనక, బెల్లం దిమ్మెల మీద ఎక్కాం. ఎండకు ఆ బెల్లం కరిగి, ప్యాంటుకు అంటుకుని, దానిమీద ఈగలు. రామాయంపేట దగ్గర డ్రైవరు భోజనానికి ఆగాడు. తూప్రాన్ దగ్గర టైరు చూసుకోవడానికి ఆగాడు. రైలు గేటు పడితే ఆగాడు, గేటు లేచాక బీడీ అయ్యేదాకా ఆగాడు. ప్రతిసారీ నేను దిమ్మెల మీంచి లేవబోవడం, లేవలేకపోవడం. జహంగీర్ మాత్రం సంచి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. అంత కుదుపులో ఎట్లా నిద్రపట్టిందో! బోయినపల్లిలో దిగి ఆటో ఎక్కితే ఆటో ఆయన మా బట్టలు చూసి సీటుమీద గోనెపట్టా పరిచాడు.

గ్రౌండ్‌లోకి పరుగెత్తేసరికి జట్లు వరస కట్టి నిలబడి ఉన్నాయి. మా ఫుల్‌బ్యాక్ పాపం గోల్‌కీపర్ జెర్సీ వేసుకుని ఏడుపు ముఖంతో ఉన్నాడు. జహంగీర్‌ను చూసి అక్కడికక్కడే జెర్సీ విప్పేశాడు. జనరల్ మేనేజరు గారు నా వంక పైనుంచి కిందికి చూశారు. ఈగలు నా వెంటే వచ్చాయి.

"చేతులు కడుక్కోరా, బెల్లం!" అన్నాను.

"ఉండనీయుండ్రి సార్, బాల్ జారదు" అని నవ్వి, కడుక్కుని వెళ్లాడు.

ఆట మొత్తం వర్ణించే ఓపిక నాకు లేదు. అవతలి జట్టు కలకత్తాది, మమ్మల్ని గుక్క తిప్పుకోనివ్వలేదు. రెండో సగంలో మా వాడెవడో గుడ్డిగా తన్నిన బంతి వాళ్ల డిఫెండరుకు తగిలి గోల్లో పడింది. చివర్లో వాళ్లకు పెనాల్టీ దొరికింది. నేను కళ్లు మూసుకున్నాను. జనం కేక విని తెరిచేసరికి జహంగీర్ ఎడమవైపు నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు, బంతి వాడి రొమ్ము కింద ఉంది. నిన్న పీరును ఆనించుకున్న చోటే. లేవకుండా అలాగే కాసేపు పడుకున్నాడు. నేను ఏడ్చాను. జనరల్ మేనేజరు గారు బెల్లం సంగతి మరిచి నన్ను కౌగిలించుకున్నారు, ఆ కోటు మళ్లీ పనికిరాలేదని తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చాక

మలీద జట్టంతా తిన్నది. జహంగీర్ చేతికి పర్మనెంటు కాగితం మర్నాడే వచ్చింది. వాడు దాన్ని ముందు మస్కట్‌కు ఎలా తెలియజేయాలా అని ఆలోచించాడు, తర్వాతే జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం ఫైనల్లో మాత్రం మూడు గోల్సు తిని చిత్తుగా ఓడిపోయాం. వాడి తప్పేం లేదు, మిగతా పదిమంది ఆడితే కదా! కప్పు పంజాబ్ వాళ్లు పట్టుకుపోయారు.

జహంగీర్ ఇంటికి పోయి శుభవార్త చెప్పి వచ్చాడు. వస్తూ పుంటికూర పచ్చడి తెచ్చాడు, నా పేరున ఒక మాట తెచ్చాడు. మా ఆవిడ అప్పటికే, మొక్కుకున్నది వెటకారమైనా మొక్కు మొక్కేనని తేల్చేసింది. వచ్చే ఏడు మళ్లీ ఆ రైలు, ఆ బస్సు, ఆ "వస్తది" తప్పవు. సెలవు ఏ తేదీకి రాసుకోమంటారని అడిగిన గుమస్తాకు, నెలవంక కనబడ్డాక చెబుతానన్నాను. నాకు పిచ్చిపట్టిందని అనుకున్నట్టున్నాడు.

"దాదీ ఏమన్నదిరా? ఫైనల్ ఓడిపోయామని చెప్పావా?" అని జహంగీర్‌ను అడిగాను. ఆమె పీరును నిలదీయాలన్నంత ఉక్రోషం నాకు ఇంకా ఉంది.

వాడు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. "చెప్పిన సార్. 'సారు సెమీఫైనల్ అడిగిండు, పీరి ఇచ్చిండు. ఫైనల్ ముచ్చట సారు ఎత్తనే లేదు గద' అన్నది."